ఎక్స్‌వీ6 కెర్నెల్‌లో ఖాళీ మెమరీ పేజీల లెక్క: సొంతంగా ఒక ఫంక్షన్ చేర్చడం ఎలా?

ఎక్స్‌వీ6 చదువుకోసం రాసిన చిన్న ఆపరేటింగ్ సిస్టమ్. దాని కెర్నెల్, అంటే నడిమి భాగం, అడిగినవాళ్ళకి మెమరీని 4096 బైట్ల ముక్కలుగా, అంటే పేజీలుగా ఇస్తుంది, పనైపోయాక తిరిగి తీసుకుంటుంది. ఇంకా ఎంత మిగిలిందో మాత్రం చెప్పదు. ఆ లెక్క చెప్పే ఫంక్షనే దాంట్లో లేదు. దాన్ని మనమే రాసి, కెర్నెల్‌లో కలిపి, యూజర్ ప్రోగ్రాం నుంచి పిలిచి, అది చెప్పే అంకె నిజమో కాదో తేల్చుకునేదాకా ఇక్కడ వెళదాం. కోడ్ పదీ పదిహేను లైన్లకు మించదు. ఆ లైన్లు ఏ లాక్ (ఒకసారికి ఒక్కరినే లోపలికి రానిచ్చే తాళం) పట్టుకుని నడవాలి, ఎప్పుడు ఆగాలి, ఎవరికి ఏ మాటిస్తున్నాయి అన్నదే అసలు పని. ఎక్కువసేపు దానిమీదే ఉంటాను.

కావలిలో ఆదివారాలు నా దగ్గర కూర్చునే బీటెక్ పిల్లలను దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను. నెల్లూరు, ఒంగోలు, కందుకూరు కాలేజీల్లో ఆపరేటింగ్ సిస్టమ్స్ పేపర్ చదివి, పేజింగ్ అంటే బొమ్మ గీయగలిగి, ఒక్క కెర్నెల్ ఫైలు కూడా తెరిచి చూడనివాళ్ళు చాలామంది ఉన్నారు. సీ భాషలో పాయింటర్లు, లింక్డ్ లిస్ట్ వస్తే చాలు, మీరు దీన్ని పూర్తి చేయగలరు.

లినక్స్ వదిలి ఎక్స్‌వీ6 ఎందుకంటే, లినక్స్‌లో మెమరీ భాగం ఒక్కటే చదవడానికి నెలలు పడుతుంది. ఎక్స్‌వీ6 ఎంఐటీ వాళ్ళు 2006లో తమ విద్యార్థులకోసం రాసుకున్న చిన్న కెర్నెల్. 1975 నాటి యూనిక్స్ ఆరో ఎడిషన్ పద్ధతిలో ఉంటుంది, 2019 నుంచి రిస్క్-ఫైవ్ ప్రాసెసర్ మీద నడుస్తోంది. పేజీలు పంచే ఫైలు మొత్తం వంద లైన్ల లోపే. పొద్దున కూర్చుంటే మధ్యాహ్నం భోజనం వేళకి అక్షరం వదలకుండా చదివేయొచ్చు.

సామగ్రి

ఉబుంటు ఉంటే నేరుగా, విండోస్ అయితే దాని లోపల లినక్స్ నడిపే డబ్ల్యూఎస్ఎల్ పెట్టుకుని అందులో ఉబుంటు. కావలసినవి గిట్, మేక్, రిస్క్-ఫైవ్‌కి కోడ్ తయారుచేసే జీసీసీ, దాని బిన్‌యుటిల్స్, ఆ ప్రాసెసర్‌ని అనుకరించే క్యూఎమూ, డీబగ్గింగ్‌కి జీడీబీ మల్టీఆర్క్. లాప్‌టాప్ పాతదైనా ఇబ్బంది లేదు. క్యూఎమూ లోపల మన కెర్నెల్‌కి ఇచ్చే మెమరీ 128 ఎంబీ మాత్రమే.

డౌన్‌లోడ్ పెద్దది కాబట్టి మొబైల్ డేటా మీద ఆధారపడేవాళ్ళకి ఒక ఉపాయం. ఒకరు కాలేజీ ల్యాబ్‌లో ఆప్ట్-గెట్ కమాండ్‌తో ఇన్‌స్టాల్ చేసుకుంటే, ఉబుంటు దించుకున్న ప్యాకేజీ ఫైళ్ళు దాని ఆప్ట్ క్యాష్ ఫోల్డర్లో మిగిలి ఉంటాయి. వాటిని పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకుంటే అదే ఉబుంటు వెర్షన్ ఉన్న మిగతా స్నేహితులందరికీ పనికొస్తాయి.

ఎక్స్‌వీ6 రిస్క్-ఫైవ్ రిపోజిటరీని గిట్‌తో క్లోన్ చేసుకుని, వెంటనే కొత్త బ్రాంచ్ తీసుకోండి. ఆ ఫోల్డర్లో 'మేక్ క్యూఎమూ' కొడితే కంపైల్ అయి, కాసేపటికి డాలర్ గుర్తుతో షెల్ వస్తుంది. బయటికి రావడానికి కంట్రోల్-ఏ నొక్కి వదిలి, ఎక్స్ నొక్కాలి. ఇంతవరకూ సాఫీగా జరిగిందని చూసుకోకుండా ఒక్క లైను కూడా మార్చొద్దు. తర్వాత ఏది చెడినా తప్పు మీ కోడ్‌దా, సామగ్రిదా అన్న అనుమానం మిగలకూడదు.

ముందు చదవండి

కెర్నెల్ ఫోల్డర్లో కెఅలాక్ అనే సీ ఫైలు తెరవండి. అందులో 'రన్' అనే చిన్న స్ట్రక్చర్ ఉంటుంది. దాని లోపల ఒకే ఒక్క సభ్యుడు, తర్వాతి రన్‌కి పాయింటర్. దాని కింద 'కెమెమ్' అనే గ్లోబల్ స్ట్రక్చర్, అందులో ఒక స్పిన్‌లాక్, ఒక ఫ్రీలిస్ట్. ఈ కెర్నెల్‌లో ఖాళీ మెమరీకి సంబంధించిన సమాచారమంతా ఇంతే.

ఖాళీ పేజీల జాబితాని దాచడానికి వేరే చోటు కేటాయించలేదని గమనించండి. ఖాళీగా ఉన్న పేజీని ఎవరూ వాడటం లేదు కాబట్టి, తర్వాతి ఖాళీ పేజీ చిరునామాని ఆ పేజీ మొదటి ఎనిమిది బైట్లలోనే రాసేశారు. ఈ ఏర్పాటు నాకు చాలా ఇష్టం. మనం రాయబోయే ఫంక్షన్ కూడా దీనిమీదే నడుస్తుంది.

ఇక ఫంక్షన్లు. కెర్నెల్ మొదలయ్యేటప్పుడు కెఇనిట్ నడుస్తుంది. కెర్నెల్ కోడూ డేటా ముగిసిన చోటినుంచి ఫిజికల్ మెమరీ చివరిదాకా ఉన్న ప్రతి పేజీనీ ఒక్కొక్కటిగా కెఫ్రీకి అప్పజెబుతుంది. అంటే మొదట్లో జాబితా నిండేది కూడా కెఫ్రీ ద్వారానే. ఈ సంగతి తర్వాత మనకు కలిసొస్తుంది.

కెఫ్రీ మొదట చిరునామా సరైనదో కాదో చూస్తుంది. 4096 బైట్ల హద్దు మీద లేకపోయినా, కెర్నెల్ సొంత ప్రాంతంలోదైనా, మెమరీ చివర దాటినా ప్యానిక్ అవుతుంది, అంటే సందేశం చూపించి కెర్నెల్‌ని ఆపేస్తుంది. సరిగ్గా ఉంటే పేజీ మొత్తాన్నీ 1 అనే బైటుతో నింపి, లాక్ పట్టుకుని, జాబితా తలదగ్గర తగిలించి, లాక్ వదులుతుంది. కెఅలాక్ ఫంక్షన్ దీనికి సరిగ్గా ఎదురు పని చేస్తుంది. లాక్ పట్టుకుని తలదగ్గరి పేజీ తీసుకుంటుంది, లాక్ వదిలేస్తుంది, ఆ తర్వాత పేజీని 5 అనే బైటుతో నింపి ఇస్తుంది. ఖాళీ లేకపోతే సున్నా ఇస్తుంది. లాక్ వదిలాకే 5తో నింపుతుందన్న వరస గుర్తుంచుకోండి, లాక్ దగ్గర దీనితో పని పడుతుంది.

ఈ 1, 5 చెత్త విలువలు కావాలనే పెట్టినవి. వదిలేసిన పేజీని ఇంకా వాడుతున్న కోడ్ ఎక్కడైనా ఉంటే, దానికి పాత డేటా బదులు ఈ చెత్త కనిపించి త్వరగా బయటపడుతుంది.

ఫంక్షన్ ఇచ్చే మాట

కీబోర్డు ముట్టుకునే ముందు కాగితం మీద నాలుగు సంగతులు రాసుకోండి. ఏమి తిరిగిస్తుంది? ఏమి మారుస్తుంది? ఏ లాక్ పట్టుకుంటుంది? ఎవరు, ఎప్పుడు పిలవకూడదు?

మన ఫంక్షన్‌ పేరు 'కెకౌంట్' అనుకుందాం. అది బైట్లు కాకుండా పేజీల సంఖ్య తిరిగిస్తుంది. మెమరీ పంచే ఈ అలకేటర్‌కి పేజీ తప్ప చిన్న కొలత తెలియదు, దానికి తెలియని కొలతలో జవాబు చెప్పించడం నాకు నచ్చదు. బైట్లు కావాలంటే పిలిచినవాళ్ళు 4096తో గుణించుకుంటారు. తిరిగిచ్చే రకం 64 బిట్ల అన్‌సైన్డ్ పూర్ణాంకం. ఏమీ మార్చదు. కెమెమ్ లాక్‌ని తానే పట్టుకుని తానే వదులుతుంది, అందుకని ఆ లాక్ చేతిలో ఉన్నవాళ్ళు దీన్ని పిలవకూడదు. పిలిస్తే, ఒకే సీపీయూ ఒకే లాక్‌ని రెండోసారి అడిగిందని గుర్తించి, లాక్ పట్టుకునే ఎక్వైర్ ఫంక్షన్ ప్యానిక్ చేస్తుంది.

ఇంకొకటి. ఈ ఫంక్షన్ తిరిగొచ్చిన మరుక్షణం ఇంకో సీపీయూ మీద ఎవరో ఒక పేజీ తీసుకోవచ్చు. కాబట్టి ఇది చెప్పేది లాక్ చేతిలో ఉన్నప్పటి లెక్క. 'పది పేజీలున్నాయి కదా, కెఅలాక్ తప్పకుండా ఇస్తుంది' అనుకుని ఆ జవాబు చూడకుండా వాడే కోడ్ ఎన్నటికీ రాయొద్దు. ఈ మాటలన్నీ ఫంక్షన్ పైన కామెంట్‌గా ఉండాలి.

రాయడం

ఈ ఫంక్షన్ కెఅలాక్ ఫైలులోనే ఉండాలి. కెమెమ్ స్ట్రక్చర్ గురించి బయటి ఫైళ్ళకి తెలియదు, తెలియాల్సిన అవసరమూ లేదు.

లోపల ఒక రన్ పాయింటర్, సున్నాతో మొదలయ్యే ఒక లెక్క. లాక్ పట్టుకోండి. పాయింటర్‌ని ఫ్రీలిస్ట్ తల మీద పెట్టి, అది సున్నా అయ్యేదాకా ఒక్కో అడుగుకీ లెక్క ఒకటి పెంచుతూ తర్వాతి పేజీకి జరపండి. లాక్ వదలండి. లెక్క తిరిగివ్వండి. లూప్ లోపల ప్రింట్ చేయొద్దు. ఎక్వైర్ పిలిచిన సీపీయూ మీద ఇంటరప్ట్‌లు ఆగిపోయి ఉంటాయి. మిగతా సీపీయూల్లో పేజీ కావాలన్నవాళ్ళంతా లాక్ కోసం గిరగిరా తిరుగుతూ ఉంటారు. కన్సోల్‌కి అక్షరాలు పంపుతూ వాళ్ళనందరినీ నిలబెట్టడం అన్యాయం.

ఇక్కడికొచ్చేసరికి ప్రతి బ్యాచ్‌లోనూ ఎవరో ఒకరు అడుగుతారు: "ఏందన్నా, మనం చదవతానే ఉండాం కదా, ఏమీ మార్చట్లేదు. లాక్ ఎందుకు?" మంచి ప్రశ్న. కల్లంలో ఒకవైపు బస్తాలు లారీకి ఎత్తుతుంటే, ఇంకోవైపు వాటినే లెక్కబెట్టి ఎన్ని పుట్లో తేల్చబోతే ఏ అంకె వస్తుంది? అయితే కెర్నెల్‌లో నష్టం తప్పు అంకెతో ఆగదు. లాక్ లేకుండా మీ పాయింటర్ ఒక పేజీ మీద నిలబడి ఉంది. అదే క్షణంలో ఇంకో సీపీయూ మీద కెఅలాక్ ఆ పేజీని తీసుకుని, నేను గుర్తుంచుకోమన్నట్టు, మొత్తం 5తో నింపింది. ఇప్పుడు మీరు 'తర్వాతి పేజీ' అని చదివితే వచ్చేది చిరునామా కాదు, వరసగా ఎనిమిది 5 బైట్లు. దాన్ని పట్టుకుని అడుగేస్తే పేజీ ఫాల్ట్, కెర్నెల్ ప్యానిక్. ప్యానిక్ సందేశంలో ఎస్‌కాజ్ (తప్పుకి కారణం చెప్పే రిజిస్టర్) విలువ హెక్సాలో డి అని, అంటే 13 అని ఉంటే అది చదవబోయి తగిలిన పేజీ ఫాల్ట్. పక్కనే, తప్పు తగిలిన చిరునామా చూపే ఎస్‌టీవాల్‌లో 05 05 05 అని కనిపిస్తే, ఎవరో కొత్తగా తీసుకున్న పేజీని మీరు పాత జాబితా అనుకుని చదివారని అర్థం.

హద్దు పెట్టండి

ఒకే పేజీని రెండుసార్లు వదిలేశారనుకోండి. కెఫ్రీ మొదటిసారి ఆ పేజీని తలదగ్గర తగిలిస్తుంది. వెంటనే రెండోసారి వదిలితే, తలదగ్గర ఉన్నది అదే పేజీ కాబట్టి దాని 'తర్వాతి పేజీ' అదే అవుతుంది. జాబితా తన చుట్టూ తానే తిరుగుతుంది, వెనకున్న పేజీలన్నీ గల్లంతు. ఇంకా ఘోరం, కెఅలాక్ ఆ తర్వాత అడిగిన ఇద్దరికి అదే పేజీ ఇచ్చి, ఆ పేజీ మొదట్లో అప్పటికి ఉన్న చెత్తనే జాబితా తలగా పెట్టుకుంటుంది. మన ఫంక్షన్ అలాంటి జాబితా మీద నడిస్తే ఎప్పటికీ ముగియదు. ఇంటరప్ట్‌లు ఆగి ఉన్నాయి కాబట్టి షెల్ బిగుసుకుపోయి, కారణం చెప్పే ఒక్క అక్షరం కూడా రాదు.

దీనికి మందు ఒక్క లైను. మొత్తం మెమరీ 128 ఎంబీ, పేజీ 4096 బైట్లు, భాగిస్తే 32768. అంతకుమించి ఖాళీ పేజీలు ఉండటం అసాధ్యం. లూప్‌లో లెక్క ఆ హద్దు దాటిన క్షణాన ప్యానిక్ చేయించండి, సందేశంలో 'ఫ్రీలిస్ట్ చుట్టుకుంది' అని తెలిసేలా రాయండి. 32768 అని అంకె కొట్టకండి. మెమరీ లేఅవుట్ హెడర్లో కెర్న్‌బేస్, ఫిజ్‌స్టాప్ అనే పేర్లున్నాయి, వాటి తేడాని పేజీ సైజుతో భాగించండి. రేపు ఎవరైనా మెమరీ పెంచినా మీ ఫంక్షన్ తప్పు చెప్పదు.

నా మటుకు నాకు ఈ ఒక్క లైనుతోనే ఈ ఫంక్షన్‌కి విలువ వచ్చింది. ఖాళీ ఎంతో చెప్పడం చిన్న పని. జాబితా ఆరోగ్యంగా ఉందా లేదా అన్నది ఇప్పుడు మీకు ఎప్పుడు కావాలంటే అప్పుడు తెలుస్తుంది. నమ్మకం కుదరకపోతే బ్రాంచ్‌లో తాత్కాలికంగా ఒక పేజీ తీసుకుని రెండుసార్లు వదిలి, కెకౌంట్ పిలిచి ప్యానిక్ వస్తుందో లేదో చూడండి. చూశాక ఆ కోడ్ తీసేయండి.

కెర్నెల్‌కి, యూజర్‌కి పరిచయం చేయడం

డెఫ్స్ హెడర్లో కెఅలాక్ విభాగం కింద ఫంక్షన్ ప్రకటన చేర్చండి. ఎక్స్‌వీ6 మేక్‌ఫైలు హెచ్చరికలని కూడా తప్పులుగానే చూస్తుంది, అందుకని ప్రకటన మరిచిపోతే కంపైల్ ఆగిపోతుంది.

యూజర్ ప్రోగ్రాం పిలవాలంటే సిస్టమ్ కాల్, అంటే కెర్నెల్‌ని పని అడిగే దారి, కావాలి. ఇది ఆలోచన అక్కర్లేని పని, వరస తప్పకుండా చేస్తే చాలు. సిస్‌కాల్ హెడర్లో చివరి నంబరు 21, అది క్లోజ్‌ది. మనది 22. సిస్‌కాల్ సీ ఫైలులో ఎక్స్‌టర్న్ ప్రకటన, టేబుల్లో ఒక లైను. సిస్‌ప్రాక్ ఫైలులో కెకౌంట్‌ని పిలిచి జవాబు తిరిగిచ్చే చిన్న ఫంక్షన్. యూజర్ ఫోల్డర్లో యూజర్ హెడర్‌కి ప్రోటోటైప్, యూసిస్ పెర్ల్ స్క్రిప్టుకి ఒక ఎంట్రీ. నడిపేటప్పుడు 'అన్‌నోన్ సిస్ కాల్ 22' అని వస్తే టేబుల్లో లైను మరిచారన్నమాట.

అంకె నిజమేనా?

యూజర్ ఫోల్డర్లో ఒక పరీక్ష ప్రోగ్రాం రాసి, మేక్‌ఫైలులో యూప్రాగ్స్ జాబితాకి దాని పేరు చేర్చండి. మొదట వచ్చే అంకె 32768 కంటే తక్కువే ఉంటుంది. కెర్నెల్ కోడూ డేటా ఎలాగూ జాబితాలో లేవు. 64 ప్రాసెస్‌ల కెర్నెల్ స్టాక్‌లకి 64 పేజీలు. ఒక పేజీ టేబుల్ పేజీలో 512 ఎంట్రీలు పడతాయి, అంటే 2 ఎంబీకి ఒకటి కావాలి. ఆ లెక్కన 128 ఎంబీని కెర్నెల్ తనకోసం మ్యాప్ చేసుకోవడానికే ఇంకో 64. డిస్క్ క్యూలకి కొన్ని, ఇనిట్‌కీ షెల్‌కీ మరికొన్ని.

ఆ అంకె సరైనదో కాదో చూసి చెప్పలేం. తేడా మాత్రం చెప్పగలం, అందుకే మన పరీక్షలన్నీ తేడాలమీద నడుస్తాయి.

ప్రాసెస్‌ల మధ్య డేటా పంపే పైప్‌తో మొదలుపెట్టండి. లెక్క తీసుకుని, ఒక పైప్ సృష్టించి, మళ్ళీ లెక్క తీసుకోండి. సరిగ్గా ఒకటి తగ్గాలి, ఎందుకంటే ఎక్స్‌వీ6 ప్రతి పైప్‌కీ ఒక పూర్తి పేజీ ఇస్తుంది. ఫైల్ టేబుల్ స్థిరమైనది, దానికి కొత్త పేజీ అక్కర్లేదు. రెండు కొసలూ మూసేస్తే ఆ పేజీ వెనక్కి రావాలి. ఒక్క కొస మూస్తే రాకూడదు, అది కూడా చూడండి.

తర్వాత, ప్రాసెస్‌కి నకలు పుట్టించే ఫోర్క్. పిల్ల ప్రాసెస్ పుట్టగానే దాని రిజిస్టర్లు దాచే ట్రాప్‌ఫ్రేమ్, పేజీ టేబుళ్ళు, తల్లి మెమరీ నకలు అన్నీ కలిసి లెక్క బాగా తగ్గుతుంది. పిల్ల ఎగ్జిట్ అయి, తల్లి వెయిట్ ముగించాక మొదటి లెక్కకీ చివరి లెక్కకీ ఒక్క పేజీ తేడా కూడా ఉండకూడదు.

ప్రాసెస్ మెమరీని పెంచే, తగ్గించే ఎస్‌బ్రేక్ దగ్గర చాలామంది తమ ఫంక్షన్‌ని అనుమానిస్తారు. ఒక్కో పేజీ చొప్పున మెమరీ పెంచుకుంటూ పోతుంటే లెక్క ఒకటి, ఒకటి తగ్గుతూ వచ్చి, ఉన్నట్టుండి ఒకసారి రెండు తగ్గుతుంది. తప్పేమీ జరగలేదు. ప్రాసెస్ చిరునామాలు 2 ఎంబీ హద్దు దాటినప్పుడల్లా కొత్త పేజీ టేబుల్ పేజీ ఒకటి కావాలి, రెండోది అదే. ఇప్పుడు పెంచిన మెమరీనంతా ఎస్‌బ్రేక్‌తోనే తగ్గించి చూడండి. లెక్క మొదటి చోటికి పూర్తిగా రాదు! ఎస్‌బ్రేక్ తగ్గించేటప్పుడు డేటా పేజీలనే వదులుతుంది, ఖాళీ అయిన పేజీ టేబుల్ పేజీలను ప్రాసెస్ ముగిసేదాకా అట్టిపెట్టుకుంటుంది. ఇది పాఠ్యపుస్తకంలో చదివితే గుర్తుండదు. మీరు రాసిన ఫంక్షన్ చూపించిన అంకెలో కనిపిస్తే మరిచిపోరు.

చివరగా పిల్ల ప్రాసెస్‌లో ఎస్‌బ్రేక్ విఫలమయ్యేదాకా మెమరీ తినేయండి. కెర్నెల్ పడిపోకూడదు. పిల్ల పోయాక లెక్క యథాస్థానానికి రావాలి.

ఇవన్నీ, ఎన్ని సీపీయూలు కావాలో క్యూఎమూకి చెప్పే సీపీయూస్ విలువ 1 పెట్టి ఒకసారి, మామూలుగా ఉండే 3తో ఒకసారి నడపండి. ఆపైన ఎక్స్‌వీ6తో వచ్చే యూజర్‌టెస్ట్స్ కూడా పూర్తిగా నడిపించాలి. ఆ ఫైలు తెరిస్తే కౌంట్‌ఫ్రీ అనే ఫంక్షన్ కనబడుతుంది. ఖాళీ ఎంతో అడిగే దారి లేక, మెమరీ అయిపోయేదాకా పేజీలు తీసుకుంటూ లెక్కబెడుతుంది పాపం. పరీక్షల ముందు, తర్వాత అలా లెక్కించి పేజీలేమైనా పోయాయేమో చూస్తుంది. దాని జవాబు పక్కన మీ కెకౌంట్ జవాబు పెట్టి చూడండి. పేజీ టేబుళ్ళకి పోయినవి కౌంట్‌ఫ్రీ లెక్కలోకి రావు కాబట్టి దాని అంకె కొంచెం తక్కువ వస్తుంది.

నడవకుండా చెప్పించడం

32 వేల పేజీలు నడవడం అంటే 32 వేల వేర్వేరు చోట్ల మెమరీ తాకడం, అదీ లాక్ చేతిలో పెట్టుకుని. అప్పుడప్పుడూ అడిగితే ఫర్వాలేదు. తరచుగా కావాలంటే కెమెమ్ స్ట్రక్చర్లోనే ఒక లెక్క పెట్టి, కెఫ్రీలో పెంచి, కెఅలాక్‌లో తగ్గించండి. రెండూ లాక్ లోపలే జరగాలి, కెఅలాక్‌లో తగ్గింపు పేజీ నిజంగా దొరికినప్పుడే జరగాలి. మొదటి విలువ గురించి దిగులు లేదు. గ్లోబల్ కాబట్టి సున్నాతో మొదలవుతుంది, కెఇనిట్ ప్రతి పేజీనీ కెఫ్రీ ద్వారానే పంపుతుంది కాబట్టి తనంతట తానే నిండుతుంది.

నా సలహా, రెండూ ఉంచండి. రోజువారీ జవాబు ఈ కొత్త లెక్క నుంచి రావాలి. నడిచే లూప్‌ని వేరే ఫంక్షన్‌గా మిగిల్చి, నడిచి వచ్చిన అంకె, దాచుకున్న అంకె ఒకటి కాకపోతే ప్యానిక్ అయ్యేలా చేయండి. రెండు అంకెలనీ ఒకే లాక్ పట్టులో పోల్చాలి, మధ్యలో వదిలితే పోలికకి అర్థం ఉండదు.

లినక్స్ కూడా జాబితా నడవదు, జోన్‌లనే మెమరీ భాగాల వారీగా లెక్కలు దాచుకుంటుంది. మీ లాప్‌టాప్‌లో ప్రాక్ కింద మెమ్‌ఇన్ఫో ఫైలులో మెమ్‌ఫ్రీ లైను అక్కడినుంచే వస్తుంది. సీపీయూల మధ్య పోటీ తగ్గించడానికి ప్రతి సీపీయూ తన తేడాని కొంతసేపు తన దగ్గరే ఉంచుకుంటుంది కాబట్టి అది ఉజ్జాయింపు అంకె. అక్కడ కొత్త సహాయక ఫంక్షన్ చేర్చాలంటే దాన్ని వాడే కోడ్‌ని కూడా చూపించాలి. 2017లో వచ్చిన 4.12 కెర్నెల్‌లో కెవీమ్యాలాక్ అలాగే చేరింది. ముందు ఫిజికల్ మెమరీని వరసగా ఇచ్చే కెమ్యాలాక్‌తో అడిగి, కుదరకపోతే విడివిడి పేజీలను కలిపి ఇచ్చే వీమ్యాలాక్‌కి వెళ్ళే కోడ్‌ని అంతకుముందు చాలా చోట్ల ఎవరికివాళ్ళు విడివిడిగా రాసుకునేవారు. ఎక్స్‌వీ6లో ఈ పని ముగించినవాళ్ళు లినక్స్‌లో ఎంఎం ఫోల్డర్ కింది యుటిల్ ఫైలు తెరిస్తే, ఇలాంటి చిన్న ఫంక్షన్లు వరసగా కనిపిస్తాయి. ఒక్కోదాని పైనున్న కామెంట్ ముందు చదివి, అది ఏ మాటిస్తోందో చూసుకుని, ఆ తర్వాతే లోపలి కోడ్‌లోకి దిగండి.